కమ్మరి కోడలు పెట్టిన పదును

మీ ఇంట్లో కత్తిపీట ఇంకా ఉందా? ఉంటే దాని చెక్క వదులైపోయి అటూ ఇటూ ఊగుతోందా? అయితే ముందు నా సంగతి వినండి. ఆ తర్వాతే గ్యాసు పొయ్యి దగ్గరికి వెళ్లండి!

నాది అమ్మ ఇచ్చిన కత్తిపీట. ఇంటరు పూర్తయిన మరుసటేడే నా పెళ్లయింది. విజయనగరంలో వేరు కాపురం పెట్టినప్పుడు అమ్మ తన రెండు కత్తిపీటల్లో మంచిది నాకిచ్చేసి, నోకు పడినది తనుంచుకుంది. లారీ కమాను పట్టీతో చేయించినదట. మా ఊరి కమ్మరి బాబాయి చేతి పని. పాతికేళ్లలో దాంతో నేను కొయ్యని వస్తువు లేదు. పండుగప్ప పొలుసులు, పనసకాయలు, కొబ్బరి, కంద, గుమ్మడి... వారానికోసారి గచ్చు మీద రెండు రుద్దులు రుద్దితే చాలు, మళ్లీ కొత్తదే. అమ్మ పోయి నాలుగేళ్లయింది. తన చీరలు నాలుగు బీరువాలో ఉన్నాయి గానీ, రోజూ నా చేతికి తగిలేది మాత్రం ఈ కత్తిపీటే.

కిందటేడు దీపావళికి ముందు వడియాలకి గుమ్మడికాయ తరుగుతూంటే కత్తి చెక్కలోంచి ఊడి చేతికొచ్చేసింది. మావారు, "రెండొందలు పారేస్తే బజార్లో స్టీలుది దొరుకుతుంది" అన్నారు. నాకు పౌరుషం వచ్చింది. అమ్మ తోక కాల్చి చెక్కలో దిగ్గొట్టడం చిన్నప్పుడు ఎన్నిసార్లు చూడలేదూ! కత్తిని గ్యాసు మంట మీద పెట్టాను. పది నిమిషాలైంది. ఇనుము మీద రంగులు మొదలయ్యాయి. మొదట ఎండు గడ్డి రంగు, తర్వాత వేయించిన ఉల్లిపాయ రంగు, ఆ తర్వాత వంకాయ రంగు, చివరికి నెమలి కంఠం! చెప్పొద్దూ, ఎంత అందంగా ఉందో అనుకుని మా అబ్బాయిని పిలిచి మరీ చూపించాను.

అమ్మ ఒక పని చేసేది. తోక కొస మాత్రమే నిప్పులో పెట్టి, కత్తి బొడ్డు చుట్టూ తడి గుడ్డ చుట్టేది. ఆ తడి గుడ్డ సంగతి నాకు గుర్తొచ్చేసరికి ఆలస్యమైపోయింది.

చెక్క బిగిసింది, సంతోషించాను. మర్నాడు మిగిలిన గుమ్మడికాయ పెట్టి తోస్తే కత్తి అంచు డబ్బా మూత అంచులా మడతపడింది. రాయి మీద రుద్దితే అరగంట తెగేది, మళ్లీ మొద్దు. వీధిలోకి వచ్చిన మోటారు సానవాడికి ఇచ్చాను. వాడు నిప్పురవ్వలు రేగేలా పట్టి ఇంకాస్త నీలం చేసి ఇచ్చి, "ఇందులో సరుకు లేదమ్మా, ఒట్టి ఇనప ముక్క" అనేసి డబ్బులు పుచ్చుకున్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదంటే నమ్మండి.

నాగుల చవితికి కన్నవారింటికి వెళ్లాలి. నరసన్నపేట దగ్గర మా ఊరు. కత్తిని గోనె ముక్కలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. మా అబ్బాయీ నాతో వచ్చాడు. వాడు పాలిటెక్నిక్‌లో మెకానికల్. శ్రీకాకుళంలో బస్సు మారాక పక్కావిడ, "ఏటమ్మా అంత జాగర్తగా పట్టుకున్నావు?" అంది. "కత్తి" అన్నాను. కాస్త దూరం జరిగి కూర్చుంది పాపం.

కొలిమి ఊరి చివర చింతచెట్టు కిందే ఉంది. కానీ నా చిన్నప్పటి సందడి లేదు. అప్పట్లో కోతల ముందు కొడవళ్ల కోసం జనం వరసలో కూర్చునేవారు. తోలు తిత్తి పోయి చేత్తో తిప్పే ఫ్యాను వచ్చింది. బాబాయి గోడకి చేరగిలబడి ఉన్నాడు. దాగలి ముందు ఆయన కోడలు, అంటే వరసకి నాకు మరదలు, సమ్మెట పట్టుకుని నిలబడింది.

బాబాయి కత్తిని చేతిలోకి తీసుకుని వేలితో అంచు తడిమాడు. "ఏటమ్మీ, పొయ్యిలో ఎట్టీసినావేటి?" అన్నాడు. నీలం తేలిందని చెప్పాను. "నీలం అంచు దాకా వచ్చీసిందంటే పదును దిగిపోనాదే. సానెడితే ఏటొస్తాది? పదునంటే అంచు కాదమ్మీ, ఒంట్లో ఉండాల."

ఈ మాట నన్ను పట్టేసింది. వాన పడ్డాక నేల దున్నడానికి సరిగ్గా అదనైతే రైతులు ‘పదునైంది’ అంటారు కదా. మరీ తడి కాదు, మరీ పొడి కాదు. కత్తికీ అదే మాట. మనం పట్నాల్లో ఆ మాటని సానకి మాత్రమే వాడేసుకుంటున్నాం.

"మళ్లీ పదును పెట్టు బాబాయ్" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఇనుము కాలిన ఎరుపు ఆయనకి పొగలోంచి చూసినట్టు మసకగా కనిపిస్తోంది. ఇంకా కాలాలి, ఇంకా కాలాలి అనుకుని ఎక్కువ కాల్చేస్తున్నాడు. ఆ ఏడు రెండు కత్తులు నీళ్లలో ముంచగానే ‘టిక్’మని చీలిపోయాయట. జనం రావడం తగ్గించేశారు.

"మరి కోడలు చేస్తుందిగా?"

చేస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం మీద పడి కొబ్బరి, జీడి, పనస చెట్లన్నీ నేలకూలినప్పుడు గొడ్డళ్లకీ కత్తులకీ రాత్రీ పగలూ గిరాకీ. కొడుకు పని కోసం పైరాష్ట్రం పోయి ఉన్నాడు. అప్పుడే ఈ పిల్ల సమ్మెట అందుకుంది. కాల్చడం, సాగగొట్టడం, వంపు తిప్పడం అన్నీ ఆమెవే. పదును మాత్రం మామగారిదే. ఆడమనిషి పదును పెట్టిన కొడవలితో కోత కొయ్యనని ఒకాయన సరుకు తిరిగి పట్టుకుపోయాడట.

నేనేదో గొప్పదాన్నని చెప్పను. ఆ మాట వినగానే ఆయన మీద కోపం వచ్చింది గానీ, నా కత్తి దగ్గరికి వచ్చేసరికి నేనూ వెనకాడాను. ఇంకే కత్తయినా అయితే వెంటనే ఇచ్చేద్దును. ఇది అమ్మది. చీలిపోతే మళ్లీ రాదు. నా ముఖం చూసి మరదలు గ్రహించేసింది. కోపగించుకోలేదు. "వదినా, ముందు ఏరే ముక్క మీద సేసి సూపిస్తాను. నచ్చితేనే ఇయ్యి" అంది.

పాత కమాను పట్టీ ఒకటి తీసింది. అది మంచి ఉక్కో కాదో ఎలా తెలుస్తుందని అడిగాను. సానచక్రం మీద ఆనించింది. రవ్వలు కాకరపువ్వొత్తిలా చీలి చీలి పూలు పూశాయి. తర్వాత స్లాబుకి వేసే పాత చువ్వ ముక్క ఆనిస్తే రవ్వలు తిన్నగా గీతల్లా పోయాయి, పూలు బాగా తక్కువ. ఉక్కులో బొగ్గు సారం ఎంత ఎక్కువుంటే అంత పువ్వట. కమాను పట్టీలో నూటికి అర పాలు పైచిలుకు ఉంటుందని మావాడు చెప్పాడు. పిడికెడంత ఇనుములో చిటికెడు కూడా కాదు. ఆ కాస్తా లేకపోతే ఎంత కాల్చి ఎన్ని నీళ్లలో ముంచినా పదును ఎక్కదు. ఉప్పు లేని పప్పే.

అందులో మాంగనీసు కూడా ఉంటుందట, పదును లోపలి దాకా ఎక్కడానికి. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది మన వైపే, 1892లో, అప్పటి విశాఖపట్నం జిల్లాలో! చీపురుపల్లి, గరివిడి మీదుగా రైల్లో ఎన్నిసార్లు పోయానో, ఆ నల్లరాయికీ నా వంటింటికీ సంబంధం ఉందని ఎప్పుడైనా అనుకున్నానా?

ఇక అసలు పని. పొద్దు వాలాక మొదలుపెట్టారు. ఎండలో ఇనుము ఎరుపు తెలియదట, మోసం చేస్తుంది. పట్టీ నుంచి మూడు చిన్న ముక్కలు కోశారు. మా అబ్బాయి పాడైపోయిన స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని తీగకి కట్టి తెచ్చాడు. ఉక్కు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతాన్ని పట్టుకోవడం మానేస్తుందట. అది మానేశాక ఇంకొంచెం, ఒక్క ఛాయ ఎరుపెక్కనిస్తే చాలు, ముంచెయ్యొచ్చు. కళ్లు మోసం చేసినా అయస్కాంతం మోసం చెయ్యదు.

మొదటి ముక్క బాబాయి తన కంటి అంచనాతోనే కాల్చాడు. మా కళ్లకి అది పసుపు తిరిగిపోయింది. ఎవరం ఏమీ అనలేదు. ముంచాడు. రెండోది మరదలు, అయస్కాంతం చూసుకుంటూ. ముదురు ఎరుపు దాటి మోదుగపువ్వు రంగులోకి తిరుగుతూండగా అయస్కాంతం జారిపోయింది. రెండు క్షణాలాగి ముంచింది. మూడోది ఇంకా ముందే ముంచేసింది, తక్కువ కాలితే ఏమవుతుందో నాకు చూపించడానికి.

మూడింటినీ ఆకురాయితో గీసింది. మూడోదాని మీద ఆకురాయి చక్కగా కొరికింది. అంటే పదును ఎక్కలేదు. మొదటి రెండింటి మీదా గాజు మీద గీసినట్టు కిర్రుమని జారిపోయింది. "మరి రెండూ ఒకటేగా?" అన్నాను. "ఉండు వదినా" అని ఆ రెండింటినీ బిగించి సుత్తితో ఒక్కొక్క దెబ్బ వేసింది. గట్టిపడ్డ ఉక్కు గాజులాగే విరిగింది. విరిగిన చోటు చూడమంది.

ఓలమ్మా! బాబాయి ముక్క లోపల మెరిసే పలుకులు, పంచదార పోసినట్టు. మరదలి ముక్క లోపల మెరుపే లేదు, బూడిద రంగులో మైదా పిండంత మెత్తన. ఎక్కువ కాలిస్తే లోపలి పలుకు పెరిగిపోతుందట. పలుకు పెరిగిన ఉక్కు ఎంత గట్టిదైనా పెళుసే, దెబ్బకి పెచ్చు ఊడుతుంది. పాకం పట్టేవాళ్లకి ఇది కొత్త కాదు. అరిసెల పాకం ఒక్క నిమిషం ముదిరితే ఏమవుతుందో మనకి తెలియదూ?

బాబాయి చెయ్యి చాపాడు. రెండు ముక్కలూ ఆయన చేతిలో పెట్టాను. కళ్లకి దగ్గరగా పెట్టుకోలేదు. బొటనవేలితో ముందు తన ముక్క విరిగిన చోటు తడిమాడు, తర్వాత కోడలిది. మళ్లీ తనది. చాలాసేపు ఏమీ అనలేదు. ఫ్యాను తిప్పే పిల్లాడు కూడా ఆపేశాడు. చివరికి రెండు ముక్కలూ పక్కన పెట్టేసి, "దానికి ఇచ్చీయమ్మీ" అన్నాడు నాతో.

ఇచ్చేశాను.

ఆ రాత్రి కత్తిని ఎర్రగా కాల్చి బూడిదలో పూడ్చిపెట్టింది. నెమ్మదిగా చల్లారితే లోపలి బిగువులన్నీ సడలుతాయట. మర్నాడు పొద్దుటే పుట్టలో పాలు పోసి, చలిమిడీ చిమ్మిలీ పెట్టి వచ్చాం. నా మనసంతా కొలిమి దగ్గరే. నాగదేవతకి ఏం మొక్కుకున్నానో వేరే చెప్పాలా?

సాయంత్రం ముంచడానికి నీళ్లు కాకుండా కానుగ నూనె తీసింది. గునపంలాంటి లావు సామాన్లకి నీళ్లు ఫరవాలేదు, పల్చటి కత్తి నీళ్లలో ఒక్కసారిగా బిగిసి చీలుతుంది. నూనె కాస్త నిదానంగా చల్లారుస్తుంది. ఆ నూనెలో కూడా ముందు ఒక ఎర్రటి ఇనప ముక్క ముంచి గోరువెచ్చగా చేసింది. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని లాగలేదట. కత్తి కాలింది, అయస్కాంతం జారింది. మరదలు పట్టకారుతో ఎత్తి, అంచు కిందకి పెట్టి, నిటారుగా ఒకే ఊపులో దించింది. వాలుగా దించితే వంకర తిరుగుతుంది. భగ్గుమని మంట, కళ్లు మండే పొగ. నేను చెవులు రిక్కించుకుని ఆ పాడు ‘టిక్’ కోసం వింటున్నాను.

వినబడలేదు. అయినా ఆమె ఊరుకోలేదు. ఆకురాయి జారింది. తర్వాత కత్తిని తాడుకి వేలాడదీసి చువ్వతో తట్టింది. మనం కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తామే, అలాగే. ఖంగుమంది. ఆ తర్వాత కిరసనాయిలు రాసి, పొడిగా తుడిచేసి, సుద్దముక్క రుద్దింది. కంటికి కనబడని చీలిక ఏదైనా ఉంటే లోపల దాగిన కిరసనాయిలు పైకి ఊరి సుద్ద మీద తడి గీత పడుతుంది. అరగంట చూశాం. సుద్ద తెల్లగానే ఉంది.

ఇంకా ఒక మెట్టుంది, అదే నేను పాడుచేసిన మెట్టు. ముంచిన ఉక్కు పెళుసు. కింద పడితే విరిగిపోతుంది. మళ్లీ కొంచెం వేడి చూపించి ఆ పెళుసు దించాలి. కత్తిని రాయితో రుద్ది తెల్లగా మెరిసేలా చేసి, బాగా కాల్చిన లావు ఇనప దిమ్మ మీద వెన్ను ఆనించింది. రంగులు వెన్ను నుంచి అంచు వైపు పాకడం మొదలుపెట్టాయి. గడ్డి రంగు సుమారు 220 డిగ్రీలు, ఉల్లిపాయ రంగు 250, నెమలి కంఠం 300 దగ్గర. వెన్ను మీద నీలం వచ్చి, అంచుకి గడ్డి రంగు చేరుకోగానే టక్కున నీళ్లలో పెట్టేసింది. నా గ్యాసు మంట మీద చూసి మురిసిపోయిన రంగులే ఇవి! నీలం వెన్ను మీదుంటే కత్తికి సాగుబాటు, అంచుకొస్తే మెత్తదనం. ఎక్కడ ఆపాలో తెలియడంలోనే ఉంది.

చివరగా మా పిన్ని ఇంటి నుంచి ఇత్తడి గరిటె తెప్పించి, సాన పట్టిన అంచుని దాని కాడ మీద కొద్దిగా వాల్చి నొక్కుతూ లాగింది. అంచు సన్నగా అలలా వంగి మళ్లీ తిన్నగా అయింది. వంగి అలాగే ఉండిపోతే మెత్తన, పెచ్చు ఊడితే పెళుసు. దీపం ముందు పెట్టి చూపించింది, నిజంగానే కనబడుతుంది.

మావాడు ఊరుకోక ఫోనులో చదివి వినిపించాడు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి ఉక్కు చేసేవారట. దానికోసం పర్షియా వర్తకులు వచ్చేవారట. మన వైపు ‘ఉక్కు’ అనే మాటే దొరల నోట్లో ‘ఊట్జ్’ అయిందంటారు. బాబాయి అంతా విని, "మరి ఆళ్లకి కళ్లు బాగుండీవేమో" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మర్నాడు కంద తరిగాను. కంద తరగడం అంటే మీకు తెలుసుగా, కత్తి మొద్దయితే దురద చేతులకే కాదు, మనసుకీ. తోసిన చోట తోసినట్టు తెగింది. కొబ్బరికాయ పలగ్గొట్టి చూస్తే అంచుకి నోకు లేదు. కూలి నూట యాభై చాలంది మరదలు. మూడొందలు చేతిలో పెట్టాను. ఎక్కువేమీ కాదు, సానవాడికి తగలేసిన దానికన్నా నయం.

విజయనగరం వచ్చాక మా వీధిలో ఆరుగురి కత్తులు పోగేసి పంపించాను. ఒకావిడ "ఎవరు చేస్తారు?" అంటే "కమ్మరి వాళ్లావిడ" అనే చెప్పాను, దాచలేదు. ఆరింటిలో ఒకటి తిరిగొచ్చింది. అది ఉక్కు కాదు, రవ్వలు పువ్వులు పుయ్యడం లేదు, కూలి దండగ అని మరదలు కబురు పెట్టింది. ఆ కత్తి గలావిడ ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటుంది. కూరగాయల చాకు ఒకటి మాత్రం నాకోసం ముంచి ఇచ్చి, రెండో వేడి ఇంట్లోనే పెట్టుకోమంది. నా నాన్‌ఖటాయిల ఓవెనులో 200 డిగ్రీల మీద గంటసేపు, చల్లార్చి మళ్లీ గంటసేపు పెట్టాను. వారం రోజులు ఓవెను నిండా కానుగ నూనె కంపు! మీరలా చేసేట్టయితే ముందు సబ్బుతో శుభ్రంగా కడగండి. మావాడు దాన్ని కాలేజీకి పట్టుకుపోయి రాక్‌వెల్ మిషను మీద పెట్టి చూశాడు. 56 వచ్చిందని ఎగిరి గంతేశాడు. వజ్రం మొనతో నొక్కుతారట. చాకు మీద ఆవగింజంత గుంట పడింది. ఎందుకు పాడుచేశావురా అంటే, "పరీక్ష అంటే అదేనమ్మా" అన్నాడు.

సంక్రాంతికి వెళ్లినప్పటికి బాబాయికి ఒక కంటి ఆపరేషన్ అయిపోయింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కొలిమి దగ్గర కూర్చున్నాడు. కట్టు విప్పిన వారానికి అద్దాలు తీసి నిప్పుకేసి చూశాడట. "ఎరుపు ఇంతెర్రగా ఉంటాదని మర్సిపోనానమ్మీ" అన్నాడు నాతో. మరి పదును మళ్లీ నువ్వే పెడుతున్నావా అని అడిగాను.

"నానెందుకూ, అది ఎడతాంది కదా" అన్నాడు ఫ్యాను తిప్పుతూ.

"మామా, నిదానంగా తిప్పు, ఎక్కువ కాలిపోతాంది" అని లోపల్నుంచి మరదలు కేకేసింది. ఆయన చెయ్యి నెమ్మదించింది.